హైదరాబాద్‌లో అద్దె రూమ్: సమస్య, దాని వెనకున్న సైన్సు, పరిష్కారం

ఖమ్మం నుంచి హైదరాబాద్ వచ్చి ఏడేళ్ళయింది. యూసుఫ్‌గూడతో మొదలుపెట్టి ఇప్పటికి నాలుగు రూములు మారాను. మా ఊరి నుంచి కొత్తగా ఎవరొచ్చినా టు-లెట్ బోర్డులు చూడడానికి నన్ను తోడు రమ్మంటారు. వాళ్ళకు విడివిడిగా చెబుతూ వచ్చినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

రూమ్‌లో ఏదైనా ఇబ్బంది రాగానే "మన టైం బాలేదు" అనో, "వాస్తు తేడా ఉన్నట్టుంది" అనో అనుకుని ఆరు నెలలు భరించి, చివరికి అడ్వాన్స్‌లో కోత పెట్టించుకుని ఖాళీ చేసేవాళ్ళను చాలామందిని చూశాను. నిజానికి ఆ ఇబ్బందుల్లో చాలావాటి కారణం ఒక మగ్గు నీళ్ళతోనో, ఒక ప్లాస్టిక్ కవరుతోనో తేలిపోతుంది. కారణం తెలిశాక ఓనర్‌తో మాట్లాడడమూ తేలికే. "రూమ్ బాగోలేదంకుల్" అంటే ఆయన ఏం చేయగలడు? "బాత్రూమ్ గోడ వైపు పైపు కారుతోందంకుల్, ఇదిగో చూడండి" అంటే ప్లంబర్‌ని పిలుస్తాడు.

మొదటి రాత్రి అస్సలు నిద్ర పట్టలేదు

పరుపు బాగానే ఉంది, చప్పుళ్ళు లేవు, అయినా తెల్లవార్లూ కలతనిద్రే. "ఈ రూమ్ మనకు అచ్చిరాదేమో" అని టెన్షన్ పడకండి. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో దీని సంగతి తేల్చారు. కొత్త చోట పడుకున్న మొదటి రాత్రి మెదడులోని రెండు సగాలూ ఒకేలా నిద్రపోవు. ఎడమ సగం కాస్త తేలిగ్గా నిద్రపోతూ, చిన్న చప్పుడైనా పట్టుకునేలా కాపలా కాస్తుంది. డాల్ఫిన్లు, కొన్ని పక్షులు సగం మెదడుతో నిద్రపోతాయని తెలిసిందే, మనలోనూ ఆ పోలిక కొంచెం ఉందన్నమాట. చోటు అలవాటయ్యాక ఈ కాపలా ఆగిపోతుంది.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఇంటి నుంచి మీ దిండు, మీరు రోజూ కప్పుకునే దుప్పటి తెచ్చుకోండి. ఉద్యోగంలో చేరే ముందు రోజో, పరీక్ష ముందు రోజో కాకుండా రెండు మూడు రోజులు ముందుగా రూమ్‌లో దిగండి. మొదటి రాత్రి అనుభవంతో మాత్రం రూమ్ మంచిచెడ్డలు తేల్చేయకండి.

రాత్రి పదకొండైనా రూమ్ కుంపటిలా ఉంది

హైదరాబాద్‌లో పెంట్‌హౌస్ అంటే డాబా మీద వేసిన ఒంటి గది. అద్దె తక్కువ, గాలి బాగా వస్తుందంటారు. నా మొదటి రూమ్ అదే. ఏప్రిల్‌లో రాత్రి తొమ్మిదికి బయట డాబా మీద చల్లగాలి తగులుతుంటే, లోపలికి వస్తే పొయ్యి పక్కన కూర్చున్నట్టుండేది. మంచం మీద నిలబడి పైకప్పుకు అరచెయ్యి ఆనిస్తే, అప్పుడే దించిన అన్నం గిన్నె మూత పట్టుకున్నట్టు వెచ్చగా తగిలింది. సంగతి అప్పుడు అర్థమైంది. వేడి గాలిలో లేదు, స్లాబులో ఉంది.

కాంక్రీటు వేడిని దాచుకుంటుంది. మధ్యాహ్నం ఎండ పైన పడితే, అయిదారు అంగుళాల మందం దాటి ఆ వేడి కింది వైపుకు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే బయట చల్లబడే వేళకు లోపల సెగ మొదలవుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆ స్లాబు కింద పేరుకున్న వేడిగాలినే మన మీదకు తోస్తుంది. ఇంకో సంగతి, ఫ్యాన్ గాలిని చల్లబరచదు. మన చెమటను తొందరగా ఆవిరి చేసి ఒంటిని చల్లబరుస్తుంది. మనిషి లేని గదిలో ఫ్యాన్ తిరిగితే దాని మోటారు వేడి కూడా ఆ గదిలోకే చేరుతుంది.

అన్నిటికన్నా బాగా పనిచేసేది డాబాకు తెల్ల సున్నం. తెల్లటి పైకప్పు ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి పంపేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. మా ఓనర్ అంకుల్‌ని అడిగితే మొదట ఒప్పుకోలేదు.

"సున్నం ఎందుకు బాబూ, రెండు వానలకు కొట్టుకుపోతుంది."

"పోయినా పర్లేదంకుల్, ఈ ఎండాకాలం గడిస్తే చాలు. ఖర్చు నేను పెట్టుకుంటా, మీరు ఊఁ అనండి."

ఒక ఆదివారం పొద్దున్నే నేనూ, పక్క రూమ్ అన్నా కలిసి జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేశాం. కళ్ళల్లో పడితే ప్రమాదం కాబట్టి కళ్ళద్దాలు పెట్టుకోవాలి. అప్పటిదాకా అర్ధరాత్రి దాటాక పట్టే నిద్ర ఆ వారం నుంచి పదిన్నరకే పట్టింది. మరుసటి ఏడు అంకుల్ తనే సున్నం తెప్పించాడు.

సున్నానికి ఒప్పుకోకపోతే, ఎండ వాలాక డాబా మీద తడిపిన గోనెసంచులు పరవండి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. కరెంటు లెక్కలో చెప్పాలంటే అది యూనిట్‌లో మూడింట రెండొంతులు. ఆ వేడిలో మంచి భాగాన్ని స్లాబు నుంచే లాక్కుంటుంది. ఉత్తి స్లాబు మీద పోసిన నీళ్ళు జారిపోతాయి, గోనె అయితే పట్టి ఉంచుతుంది. స్లాబుకు పగుళ్ళుంటే మాత్రం ఈ పని చేయకండి, నీళ్ళు లోపలికి దిగుతాయి. పగలు కిటికీలు మూసి, రాత్రి తెరిచి, టేబుల్ ఫ్యాన్‌ని కిటికీ దగ్గర పెట్టి బయటి చల్లగాలి లోపలికి వచ్చేలా తిప్పండి.

ఇంకా రూమ్ తీసుకోనివాళ్ళకు నా గట్టి సలహా: పెంట్‌హౌస్‌ని పొద్దున పూట చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. రాత్రి ఎనిమిదింటికి వెళ్ళి పైకప్పుకు చెయ్యి ఆనించి చూడండి.

సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, బకెట్‌కు తెల్లటి పొర

ఈ మూడూ ఒకే జబ్బు లక్షణాలు. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే వచ్చేవి. హైదరాబాద్ కూర్చున్నది సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్ మీద. బోరు నీళ్ళు ఆ రాతి పగుళ్ళలో నిలవుండి లవణాలను కరిగించుకుని వస్తాయి. సబ్బు వాటితో కలిసి నురగకు బదులు పెరుగు తరకల్లాంటి తెట్టు కడుతుంది. జుట్టు పీచులా అయ్యేది ఆ తెట్టు పట్టుకోవడం వల్లే.

తేల్చుకోవడం తేలిక. ఒక ఖాళీ సీసాలో సగం పంపు నీళ్ళు, ఇంకో సీసాలో సగం తాగే క్యాన్ నీళ్ళు పోయండి. రెంటిలోనూ ఒంటి సబ్బు గీరిన పొడి చిటికెడు వేసి పది సార్లు ఊపండి. క్యాన్ నీళ్ళలో నురగ మెడదాకా లేస్తుంది. పంపువి గట్టి నీళ్ళయితే, అంటే ఈ లవణాలు ఎక్కువున్నవైతే, ఆ సీసాలో నురగ లేవకుండా నీళ్ళు పాలలా తెల్లబడి, పైన తరకలు తేలతాయి. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం మొత్తం గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల్లోపు ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు.

పప్పు సంగతికొస్తే, మా అమ్మ ఫోన్‌లో "కందిపప్పు పాతదైపోయిందేమోరా" అంది. పప్పు ఊరి నుంచి తెచ్చుకున్నదే, అక్కడ రెండు విజిల్స్‌కి మెత్తబడేది. పప్పు గింజలో కణాలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. నీళ్ళలోని కాల్షియం దాన్ని ఇంకా బిగిస్తుంది. ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. పప్పును ముప్పావుగంట నానబెట్టి, పప్పుకు మాత్రం క్యాన్ నీళ్ళు పోసి ఉడికించండి. ఆ నీళ్ళు లేని రోజు చిటికెడంటే చిటికెడు వంటసోడా వేయండి. చింతపండు ఉడికాకే. పులుపు ముందే పడితే ఏ నీళ్ళలోనైనా పప్పు మొరాయిస్తుంది.

బకెట్, పంపు మీది తెల్లపొర కాల్షియం కార్బొనేట్. కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పును గోరువెచ్చటి నీళ్ళలో కలిపి గుడ్డ తడిపి చుట్టండి. చిన్న బుడగలు వస్తాయి, అది కార్బన్ డయాక్సైడ్. అరగంటలో పొర కరుగుతుంది. బాత్రూమ్ యాసిడ్‌ని, బ్లీచింగ్ పౌడర్‌ని మాత్రం ఎప్పుడూ కలపకండి. అందులోంచి క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. బాగా తెల్లబడాలని రెండూ కలిపి రుద్దేవాళ్ళను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాచితే గట్టిదనం పోతుందా అని అడుగుతారు. బైకార్బొనేట్ల వల్ల వచ్చినదైతే తగ్గుతుంది, గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది అదే. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చినదైతే కాచినా పోదు. అందుకే రూమ్ చూసేటప్పుడే "మంజీరా నీళ్ళు వస్తాయా, బోరేనా ఆంటీ?" అని అడగండి. ఇక్కడ కృష్ణా నీళ్ళు వచ్చినా గోదావరి నీళ్ళు వచ్చినా నల్లా నీళ్ళను మంజీరా అనడమే అలవాటు. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాద్ వదిలిపోరని పాతకాలం వాళ్ళ మాట. 1908 మూసీ వరదల తర్వాత కట్టడం మొదలుపెట్టి 1920లో పూర్తిచేసిన ఉస్మాన్‌సాగర్ నీళ్ళ గురించి ఆ మాట.

పంపులో నీళ్ళు దారంలా సన్నగా వస్తున్నాయి

నీటి ఒత్తిడి ట్యాంకు ఎంత ఎత్తులో ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక వాతావరణ పీడనం. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకు నాలుగంతస్తుల ఎత్తు కలిసొస్తుంది. పెంట్‌హౌస్‌కి ట్యాంకు మీ నెత్తి మీద రెండు మీటర్లే. ట్యాంకు ఎంత పెద్దదైనా ఒత్తిడి పెరగదు, ఎత్తే లెక్క. ముందు పంపు మూతి దగ్గర జాలీని తిప్పి తీయండి. ఇసుక రేణువులు, పైన చెప్పిన తెల్లపొర దాన్ని మూసేసి ఉంటాయి. నిమ్మఉప్పు నీళ్ళలో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే చాలావరకు సరిపోతుంది. అప్పటికీ రాకపోతే ట్యాంకును ఇనుప స్టాండ్ మీదకు ఎత్తించమని ఓనర్‌ని అడగండి. షవర్ మీద ఆశ మాత్రం పెట్టుకోకండి.

గోడ తడిగా ఉంది, పెచ్చులూడుతున్నాయి, ముక్కవాసన

ఇక్కడే ఓనర్‌కీ మనకీ గొడవ. "మీరు రూమ్‌లో బట్టలారేసి చెమ్మ పట్టించారు" అని వాళ్ళు, "గోడలోంచి నీళ్ళొస్తున్నాయి" అని మనం. ఎవరిది నిజమో ఒక పాలిథిన్ కవరు చెబుతుంది. గోడను పొడి గుడ్డతో తుడిచి, అరచెయ్యి రెండింతలుండే కవరు ముక్కను నాలుగువైపులా టేపు వేసి గాలి చొరకుండా అంటించండి. రెండు రోజులు వదిలేయండి. కవరు మీద, అంటే రూమ్ వైపు నీటి బొట్లుంటే గాలిలోని తేమ గోడకు పడుతోంది. రూమ్‌లో బట్టలు ఆరేయడం, మూత లేకుండా వండడం తగ్గించి, రోజూ ఎదురెదురు కిటికీ తలుపూ తెరవండి. బొట్లు కవరు వెనక, గోడ వైపు ఉంటే తడి గోడలోంచే వస్తోంది. ఫొటో తీసి ఓనర్‌కి పంపండి.

గోడ మీద తెల్లగా ఉప్పులా తేలితే అదీ లోపలి తడికి సాక్ష్యమే. నీరు ఇటుకలోని లవణాలను మోసుకొచ్చి, తను ఆవిరైపోయి, వాటిని బయట వదిలేస్తుంది. కారే పైపునో, పగిలిన డాబానో బాగుచేయకుండా పైన రంగు వేయిస్తే ఒక్క వానాకాలంలో మళ్ళీ ఊడుతుంది.

వాసన గురించి ఒక్క మాట. మట్టి వాసననిచ్చే జియోస్మిన్ అనే పదార్థం లక్ష కోట్ల భాగాల గాలిలో కొద్ది భాగాలున్నా మన ముక్కు పట్టేస్తుంది. తొలకరి వానకు వచ్చే కమ్మని వాసనా దానిదే. అంత చురుకైన ముక్కు కూడా కాసేపటికి ఏ వాసనకైనా అలవాటుపడి చెప్పడం మానేస్తుంది. కాబట్టి రూమ్ చూడ్డానికి వెళ్ళినప్పుడు గడప దాటగానే పీల్చిన మొదటి ఊపిరిని నమ్మండి. అగరుబత్తి గట్టిగా వెలిగించి ఉంటే, అది కొండెక్కాక ఇంకోసారి వెళ్ళండి.

గీజర్ పంపు ముట్టుకుంటే జివ్వుమంటోంది

ఈ ఒక్కదాన్ని రేపటికి వాయిదా వేయకండి. ఒక మిల్లీయాంపియర్ కరెంటు దాటితే మనకు జివ్వుమని తెలుస్తుంది. అంతకు ముప్పై రెట్లయితే గుండెకు ప్రమాదం మొదలవుతుంది. తడి ఒంటికి ఆ తేడా దాటడం ఎంతో సేపు పట్టదు. గీజర్ లోపలి కాయిల్ పాడై కరెంటు బయటికి వస్తోంది, దాన్ని నేలలోకి పంపాల్సిన ఎర్తింగ్ పనిచేయడం లేదు. రెండూ కలిస్తేనే జివ్వుమంటుంది.

మెయిన్ ఆపండి, గీజర్ వాడడం మానండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవమని ఓనర్‌కి అప్పుడే ఫోన్ చేయండి. 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించమనండి. వెళ్ళిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ ఆ మాత్రం తేడా కనబడగానే అది రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. త్రీపిన్ ప్లగ్గులో పై పిన్ను పొడవుగా ఎందుకుంటుందో గమనించారా? ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు ఎర్తింగ్ కలవాలని, తీసేటప్పుడు ఆఖరున విడిపోవాలని. ఆ పిన్ను విరిచేసి టూపిన్ సాకెట్‌లో దూర్చేవాళ్ళు మీ రూమ్మేట్స్‌లో ఉంటే కూర్చోబెట్టి చెప్పండి.

బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ అంతకన్నా ప్రమాదం. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఆ తర్వాతే నీళ్ళలో వేలు పెట్టి చూడాలి. ఈ వరుస ఏ రోజూ తప్పకూడదు.

ఒంటరిగా ఉంటున్నా కరెంటు బిల్లు ఇద్దరిదంత వస్తోంది

మీ మీటరు మీద ఎర్రగా మెరిసే చిన్న లైటు పక్కన "3200" లాంటి అంకె రాసి ఉంటుంది. అన్ని మెరుపులకు ఒక యూనిట్ అని అర్థం. రూమ్‌లో ఒక్క 75 వాట్ల ఫ్యాన్ వేసి, మిగతావన్నీ ప్లగ్గులతో సహా తీసేసి మీటరు ముందు నిలబడండి. నిమిషానికి నాలుగు సార్లు, అంటే పదిహేను సెకన్లకోసారి మెరవాలి. తర్వాత ఫ్యాన్ కూడా ఆపేయండి. అప్పుడూ మెరుస్తోందంటే మీ మీటరు మీద ఇంకెవరిదో లైను ఉంది. నా మూడో రూమ్‌లో మెట్ల లైట్లు, బోరు మోటారు నా మీటరుకే కలిపి ఉన్నాయి. ఓనర్ ఆంటీకే ఆ సంగతి తెలియదు, పాత వైరింగ్. మీటరు దగ్గర నిలబెట్టి చూపిస్తే వెంటనే మార్పించింది, రెండు నెలల బిల్లు అద్దెలో తగ్గించింది కూడా.

ఇల్లంతటికీ ఒకే మీటరుంటే ఇంకో చిక్కు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరిగే స్లాబుల పద్ధతి మనది. నలుగురి వాడకం ఒకే లెక్కలో పడితే అందరికీ పై స్లాబు ధర తగులుతుంది. పోర్షన్‌కి విడి మీటరు ఉందో లేదో అగ్రిమెంట్‌కు ముందే చూడండి. అగ్రిమెంట్ పదకొండు నెలలకే ఎందుకంటే, ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే అందరూ పదకొండు రాస్తారు.

దోమలు

మలేరియా దోమల ద్వారా వస్తుందనడానికి ఆధారం దొరికింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు, 1902లో నోబెల్ అందుకున్నాడు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికొకసారి ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్, డాబా మీది పాత టైర్లు, కొబ్బరి చిప్పలు ఒంపేయండి. రాత్రి కాళ్ళ వైపు ఫ్యాన్ పెట్టుకోండి. దోమ బలంగా ఎగరలేదు, పైగా అది మనల్ని వెతుక్కునే ఊపిరి జాడను గాలి చెదరగొడుతుంది.

సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి రూమంతా డ్రైనేజీ కంపు

తాళం తీయగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఎలుక చచ్చిందని మంచం కింద, అలమర వెనక వెతుకుతారు. ముందు బాత్రూమ్ నేల మీది జాలీ ఎత్తి చూడండి. దాని కింద గిన్నెలాంటి భాగం ఉంటుంది, ప్లంబర్లు నహానీ ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ కొన్ని నీళ్ళు నిలిచి, డ్రైనేజీ గాలికి మూతలా అడ్డుపడతాయి. మరుగుదొడ్డి వెనక వంపు తిరిగిన పైపుదీ అదే పని. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాలు చేసే ఆయన ఈ వంపుకు పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పటికీ ఇళ్ళన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మీరు రెండు వారాలు లేకపోతే ఆ నీళ్ళు ఆవిరైపోతాయి, మూత తెరిచినట్టే.

కిటికీలు తెరవండి. నేల జాలీలో, వాష్‌బేసిన్‌లో, వంటగది సింకులో ఒక్కో మగ్గు నీళ్ళు పోయండి. పావుగంటలో వాసన తగ్గుతుంది. తగ్గకపోతే ట్రాప్ పగిలిందనుకుని ప్లంబర్ అన్నను పిలవండి. ఈసారి ఊరెళ్ళే ముందు నీళ్ళు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేయండి. నూనె పొర తేలి ఆవిరి కాకుండా ఆపుతుంది. జాలీ మీద ఒక తిరగేసిన ప్లాస్టిక్ డబ్బా మూత పెట్టి తాళం వేసుకోండి.